మన అచ్చులు ఎవరి బీరువాల్లో?

కలంకారీ పువ్వు ఇవాళ చీరల మీదే కాదు, దుప్పట్ల మీద, చేతిసంచుల మీద, ఫోన్ కవర్ల మీద కూడా పూస్తోంది. ఆ పువ్వును మొదట చెక్కిన అచ్చు ఏమైందని మాత్రం ఎవరూ అడగడం లేదు. వస్తువును దాచుకోవడం ఒకటి, వస్తువును తయారుచేసిన దారిని దాచుకోవడం ఇంకొకటి. ఈ రెండో పని మద్రాసు నుంచి బందరు దాకా, రాజమండ్రి నుంచి కొండపల్లి దాకా ఎక్కడెంత జరిగింది? ఈ వారం ముఖచిత్ర కథనం.

తిరువూరు బోసుబొమ్మ సెంటరుకు కూతవేటు దూరంలో ఒక బట్టల కొట్టు. పెళ్లిళ్ల సీజను. జాకెట్టు గుడ్డ కోసం వచ్చినావిడ, ‘‘కలంకారీ ఉందా అన్నయ్యా?’’ అని అడిగింది. కొట్టతను నిచ్చెనెక్కి మూడు తానులు దించి బల్ల మీద దొర్లించాడు. ముదురు ఎరుపు మీద నెమళ్లు ఒకదానిపై, నల్లంచుతో దానిమ్మ పూలు ఒకదానిపై, మూడోదానిమీద తీగలు.

‘‘ఇది పెడనదేనా?’’

‘‘పెడనది కాదమ్మా, సూరత్ సరుకు. డిజిటల్ ప్రింటు. ఉతికినా రంగు పోదు.’’

ఆవిడ గుడ్డ తిరగేసి చూసింది. వెనకవైపు తెల్లగా ఉంది. అసలైన అద్దకంలో రంగు నూలులోకి దిగుతుంది కాబట్టి పువ్వు వెనకవైపు కూడా మసగ్గా తెలుస్తుంది. ఇక్కడ రంగు పైపైనే ఆగిపోయింది. అయినా ధర అందుబాటులో ఉంది, రంగు బాగుంది. మీటరు కోయించుకుని వెళ్లిపోయింది. అందులో ఆమె తప్పేమీ లేదు.

బల్ల మీద మిగిలిన దానిమ్మ పూల తానును కాస్త దగ్గరగా చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ప్రతి పువ్వుకూ ఎడమ రేకు కొసన గీత నూలుపోగంత మేర తెగి ఉంది. జానెడుకోసారి అదే పువ్వు, అదే చోట అదే తెగు. కంప్యూటరులో గీసిన గీతకు తెగాల్సిన పని లేదు. చెక్క అచ్చు అంచు చిట్లినప్పుడు గుడ్డ మీద పడే మచ్చ అది. అంటే ఈ డిజైను వెనక ఎక్కడో ఒక నిజమైన అచ్చు ఉండి ఉండాలి. దాన్ని ఎవరో కూర్చుని చెక్కారు. ఎవరో వేలసార్లు గుడ్డ మీద గుద్దారు. వాడగా వాడగా ఒకరోజు అంచు విరిగింది. ఆ గుడ్డ ఫొటో అయింది, ఫొటో మిషనెక్కింది. పువ్వు దేశమంతా తిరుగుతోంది. చెక్కిన చెయ్యి ఎవరిదో, ఆ కర్రముక్క ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఒకే జిల్లా పనితనం

2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా తిరువూరు, కొండపల్లి, పెడన, బందరు అన్నీ ఒకే కృష్ణా జిల్లా. తిరువూరులో విజయవాడ బస్సెక్కితే మైలవరం దాటాక కొండపల్లి వస్తుంది. పొణికి కర్రతో బొమ్మలు చేసే ఊరు. విజయవాడ నుంచి తూర్పుకు వెళ్తే పెడన, బందరు. అద్దకం ఊళ్లు. ఆ బందరులోనే జాతీయోద్యమ కాలంలో చిత్రకళ, నేత, వడ్రంగం ఒకే ప్రాంగణంలో నేర్పిన ఆంధ్ర జాతీయ కళాశాల పుట్టింది. ఒక్క జిల్లాలో ఇంత పనితనం ఉండి కూడా, ఆ పనితనం మెట్టుమెట్టుగా ఎలా నడుస్తుందో చూపే బీరువా ఒకటి మన పిల్లలకు అందుబాటులో లేకపోవడం నాకు మనసులో ముల్లులా గుచ్చుకునే విషయం.

చిత్రకళా పాఠశాలలు వస్తువులను ఎందుకు దాస్తాయి? అందంగా ఉన్నాయని కాదు. తరగతిలో పాఠం చెప్పడానికి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పుట్టిందే అలా. 1837లో అక్కడ ప్రభుత్వ డిజైన్ పాఠశాల పెట్టారు. 1851 మహా ప్రదర్శనకు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన సరుకులో కొంత, ఆ పాఠశాల విద్యార్థులు చూసి నేర్చుకుంటారని కొన్నారు. అందులో భారతదేశపు వస్త్రాలూ లోహపు పాత్రలూ ఉన్నాయి. మరుసటి ఏడాది మ్యూజియం తెరిచారు. మన నేతగాడి పనితనం అక్కడి పిల్లలకు పాఠ్యపుస్తకమైంది. ఇక్కడి పిల్లలకు అది పెళ్లిలో కట్టుకునే బట్టగానే మిగిలింది.

పదకొండు గుడ్డముక్కలు

ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. పదిహేడో శతాబ్దంలో కోరమాండల్ తీరపు అద్దకం బట్టంటే యూరప్‌కు పిచ్చి. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు బందరులో కోఠీలు పెట్టుకున్నది ప్రధానంగా బట్టల కోసమే. ఇంగ్లీషు కోఠీ 1611 నాటిది. తమ నేతగాళ్ల గగ్గోలు భరించలేక ఫ్రాన్స్ 1686లోనే ఈ బట్టలను నిషేధించింది. తర్వాత ఇంగ్లండు కూడా చట్టాలు తెచ్చింది. ఎంత ఉతికినా పోని ఆ ఎరుపు ఎలా వస్తుందో వాళ్లకు అంతుపట్టలేదు.

1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో అద్దకం పనివాళ్ల దగ్గర కూర్చుని ఒక పని చేశాడు. గుడ్డకు ఒక్కో మెట్టు పూర్తవగానే ఒక ముక్క కత్తిరించి పక్కన పెట్టాడు. కరక్కాయ పట్టించిన ముక్క, నల్ల గీత గీసిన ముక్క, పటిక పూసిన ముక్క, ఎర్రరంగులో ఉడికించిన ముక్క, నీలిలో ముంచిన ముక్క... మొత్తం పదకొండు. పక్కనే ఏ మెట్టులో ఏం జరిగిందో రాశాడు. ఆ రాతప్రతి, ఆ ముక్కలు పారిస్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

ఆయన చేసింది మన పనితనాన్ని తన దేశానికి తరలించడానికే. ఆ సంగతి మరిచిపోనక్కర్లేదు. కానీ ఏం దాచాలో ఆయనకు తెలుసు. పూర్తయిన దుప్పటి ఒక్కటే పట్టుకెళ్లి ఉంటే, చూసి మెచ్చుకోవడానికి తప్ప పనికొచ్చేది కాదు. పదకొండు ముక్కలూ వరసగా పరిస్తే ఆ పని మళ్లీ చేయొచ్చు.

పని తీరు తెలిసినవాళ్లకు ఇందులో ఉన్న విలువ వెంటనే అర్థమవుతుంది. ఉతికి, పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో తెలుపెక్కించిన నూలుగుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు గీత చెదరకుండా కాపాడుతుంది. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెడితే కసిం వస్తుంది. అది కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పూసేది ఎరుపు కాదు, పటిక. ఆ తర్వాత చిరివేరులోనో మంజిష్ఠలోనో ఉడికిస్తే పటిక ఉన్న మేర మాత్రమే ఎరుపు పడుతుంది. మిగతాచోట అంటిన రంగు పారే నీళ్లలో ఉతికితే పోతుంది. ఇప్పుడు చెప్పండి, పూర్తయిన గుడ్డ ఫొటో చూసి ఈ వరస ఎవరైనా ఊహించగలరా?

ఏడు వందల నమూనాలు

1866లో లండన్‌లోని ఇండియా మ్యూజియం అధికారి జాన్ ఫోర్బ్స్ వాట్సన్ భారతీయ వస్త్రాల నమూనాలు అతికించిన పుస్తకాలు తయారుచేయించాడు. ఒక్కో సెట్టుకు 18 సంపుటాలు, 700 గుడ్డముక్కలు. అలాంటివి 20 సెట్లు. అందులో 13 బ్రిటన్‌లోని వస్త్ర పరిశ్రమ పట్టణాలకు వెళ్లాయి, 7 మాత్రమే భారతదేశంలో ఉంచారు. ఏ గుడ్డ ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత బరువు, ఎక్కడిది అన్నీ రాశారు. మాంచెస్టర్ మిల్లు యజమాని ఈ ముక్క చూసి, ఇక్కడి ఆడవాళ్లూ మగవాళ్లూ ఏం కట్టుకుంటారో తెలుసుకుని, అలాంటిదే మిల్లులో నేసి మనకే అమ్మాలి. అదీ ఉద్దేశం.

ఈ పుస్తకాల కథ చదివినప్పుడల్లా నాకు కోపం, కృతజ్ఞత రెండూ కలుగుతాయి. మన మగ్గాల నోట్లో మట్టికొట్టడానికి వాడిన పుస్తకాలే ఇవాళ ఆ కాలపు నేతకు మిగిలిన సాక్ష్యం. ఆ ముక్కలు లేకపోతే పూర్వం తెలుగు జిల్లాల నేత ఎంత నాజూగ్గా ఉండేదో చెప్పడానికి మన దగ్గర కథలే మిగిలేవి.

మద్రాసు పాఠశాల, వంటింట్లో గిన్నె

బ్రిటిష్ ఇండియాలో మొదటి చిత్రకళా పాఠశాల మద్రాసులో పుట్టింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే సర్జను ప్రైవేటుగా మొదలుపెడితే, తర్వాత ప్రభుత్వం తీసుకుంది. ఇవాళ చెన్నైలో ఎగ్మూరు దగ్గర ఉన్న ప్రభుత్వ లలితకళల కళాశాల అదే. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి అది మన పాఠశాల కూడా. బొమ్మలు గీయడం ఒక్కటే కాదు, కుండల పని, చెక్క పని, లోహపు పని, నగిషీ అన్నీ అక్కడ నేర్పారు.

1884లో సూపరింటెండెంటుగా వచ్చిన ఇ.బి. హావెల్ ప్రెసిడెన్సీలోని జిల్లాలు తిరిగి అక్కడి చేతిపనుల మీద నివేదికలు రాశాడు. యూరప్ నమూనాలు ముందు పెట్టి ఇక్కడి పిల్లలతో నకలు చేయించడం దండగని, ఈ నేల మీది పనితనమే ఈ పిల్లలకు పాఠం కావాలని గట్టిగా వాదించినవాడు ఆయన.

ఆ తర్వాత జరిగిన ఒక సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. 1898లో ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ఆ కళాపాఠశాలలో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. అప్పటిదాకా మన వంటిళ్లలో రాగి, ఇత్తడి, మట్టి. రాగి, ఇత్తడి గిన్నెలకు తరచూ కళాయి పూయించాలి. అల్యూమినియానికి ఆ బాధ లేదు, పైగా తేలిక. ఇత్తడి కొట్టే కంచర్ల చేతికే కొత్త లోహపు రేకు ఇచ్చి అవే బిందెలు, అవే గిన్నెలు కొట్టించారు. ఆకారం పాతది, లోహం కొత్తది. ప్రయోగం గట్టెక్కింది, కొన్నేళ్లకే ఆ పని కంపెనీ చేతికి వెళ్లింది. దేశంలో అల్యూమినియం పాత్రల పరిశ్రమకు అదే మొదలు. తిరువూరులో పెళ్లి వంటకు పొయ్యి మీదికెక్కే సత్తు డేగిసాకు మూలం ఒక చిత్రకళా పాఠశాలలో ఉందన్నమాట.

ఇలాంటివి చూస్తే డిజైను అంటే గోడకు తగిలించేదన్న భ్రమ పోతుంది. బిందె అంచు ఎంత వంపు తిరిగితే నడుము మీద ఒదుగుతుంది, గిన్నె మెడ ఎంత సన్నబడితే ఒంపినప్పుడు చింది పడదు... ఈ లెక్కలన్నీ కంచరి వేళ్లకు తెలుసు. ఆ వేళ్లలోని లెక్కను కాగితం మీదికీ బీరువాలోకీ ఎక్కించడమే కళాపాఠశాల చేయగలిగిన గొప్ప పని.

హాడవే పుస్తకం

అదే పాఠశాల సూపరింటెండెంటు డబ్ల్యూ.ఎస్. హాడవే 1917లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నూలుబట్టల చిత్రణ, అద్దకం మీద ఒక పెద్ద పుస్తకం వేశాడు. అంతకుముందు 1913లో దక్షిణాది ఇత్తడి, రాగి పనుల మీద బొమ్మల సంపుటి తెచ్చాడు. బందరు, శ్రీకాళహస్తి అద్దకాలు అప్పటికే నీరసించాయి. మిల్లు గుడ్డ, రసాయన రంగులు వచ్చి చిరివేరు తవ్వేవాళ్లు తగ్గిపోయారు. సరిగ్గా ఆ సమయంలో డిజైన్లను, పని తీరును పుస్తకానికి ఎక్కించడం చిన్న సాయం కాదు.

పుస్తకం ఒక్కటే పనిని బతికించలేదు, అది నిజం. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అఖిల భారత హస్తకళల బోర్డు శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు, కలం పట్టి నేర్పడానికి జొన్నలగడ్డ లక్ష్మయ్య లాంటి పెద్దలు ఇంకా మిగిలి ఉన్నారు. ఆయన కొడుకు గురప్పచెట్టి ఆ కేంద్రంలోనే నేర్చుకుని, తర్వాత 2008లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కేంద్రం ఇంకో ఇరవై ఏళ్లు ఆలస్యమై ఉంటే నేర్పే చేతులు ఉండేవి కావేమో. మనిషి ఉన్నప్పుడు బీరువా అక్కర్లేదనిపిస్తుంది. మనిషి పోయాకే బీరువా కోసం వెతుక్కుంటాం.

జెండా కూడా ఒక డిజైనే

*1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద కుమార ఛటర్జీ అక్కడ చిత్రకళ నేర్పారు. ఆయన శిష్యుడైన అడవి బాపిరాజు తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. పింగళి వెంకయ్య కూడా అక్కడ అధ్యాపకులు. జాతీయ పతాకం కోసం 30 నమూనాలతో ఆయన 1916లో ఒక చిన్న పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీ చేతికి వెళ్లిన జెండాకు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో రూపమివ్వడంలో జాతీయ కళాశాల చిత్రకారుడు ఈరంకి వెంకటశాస్త్రి సాయపడ్డారు. గాంధీజీ తెలుపు చేర్చమన్నారు. అంటే ఒక దేశపు జెండాకు తొలి నమూనా మన బందరు బడి చుట్టూ తిరిగిన చేతుల నుంచి వచ్చింది.*

ఆ ముప్పై నమూనాల మాటే తీసుకోండి. చివరికి నిలిచింది ఒకటి. మనకు తెలిసింది ఆ ఒకటి. కానీ ఒక మనిషి దేశానికి జెండా ఎలా ఉండాలని ఎన్ని రకాలుగా ఆలోచించాడో తెలియాలంటే మిగతావన్నీ కావాలి. ఏ రంగు ఎందుకు వద్దనుకున్నాడు, ఏ గుర్తు ఎందుకు మార్చాడు? డిజైను నేర్చుకునే పిల్లకు ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది?

రాజమండ్రి బొమ్మల బడి

దామెర్ల రామారావు 1897లో పుట్టి 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభ గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్‌కు పంపించారు. చదువు పూర్తి చేసుకుని వచ్చి రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల పెట్టారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. ఆయన పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ బడిని నడిపారు. దామెర్ల పేరుతో గ్యాలరీ ఏర్పడింది.

అక్కడికెళ్లేవాళ్లు పెద్ద తైలవర్ణ చిత్రాల ముందు ఆగుతారు. ఆగాల్సిందే. కానీ ఆ సేకరణలో నాకు ఎక్కువ ఇష్టమైనవి పెన్సిల్ గీతలు, స్కెచ్ పుస్తకాలు. చీర కుచ్చెళ్లు ఎలా పడతాయో పట్టుకోవడానికి చేసిన ప్రయత్నం, చేతి మణికట్టు ఒకటికి నాలుగుసార్లు దిద్దిన గుర్తు. పూర్తయిన చిత్రంలో అదంతా రంగు కిందికి వెళ్లిపోతుంది. ఒక యువకుడు అంత చిన్న వయసులోనే పోయినా ఆ స్కెచ్ పుస్తకాలు మిగలడం వల్ల, ఆయన ఎలా నేర్చుకున్నాడో ఈనాటి విద్యార్థి చూడగలుగుతున్నాడు. చిత్రకారుల విషయంలో ఈ అదృష్టం మనకు దక్కింది. చేతిపనివాళ్ల విషయంలో దక్కలేదు.

ఎందుకు దాచలేదు?

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. గ్యాలరీకి కావలసింది పటం. మ్యూజియానికి కావలసింది పురాతన శిల్పం. అచ్చు వీటిలో ఏదీ కాదు, అదొక పనిముట్టు. పనిముట్టు అరిగితే పొయ్యిలోకి పోతుంది, లేదా షోకేసులో పెట్టుకోవడానికి ఎవరో కొనుక్కుపోతారు.

పెడనలో అద్దకం బల్ల దగ్గర నిలబడి చూస్తే అచ్చు ఎంత తెలివైన వస్తువో తెలుస్తుంది. ఒక్క పువ్వుకు ఒక్క అచ్చు చాలదు. గీతకు ఒకటి, లోపల నింపే ఒక్కో రంగుకు ఒక్కోటి. అన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. టేకు చెక్క ఆరాక గీత మిగిలేలా చుట్టూ లోతుగా తొలుస్తారు. గాలి చిక్కుకుని రంగు పొక్కకుండా అక్కడక్కడా రంధ్రాలు వేస్తారు. వెనక పట్టుకోవడానికి పిడి. అద్దేవాడు అచ్చును రంగు పట్టీ మీద అద్ది, గుడ్డ మీద ఆనించి, మూసిన పిడికిలితో ఒక దెబ్బ వేస్తాడు. దెబ్బ ఎక్కువైతే రంగు పొర్లుతుంది, తక్కువైతే గీత విరుగుతుంది. అచ్చు మూల దగ్గర చిన్న గుర్తు ఉంటుంది. పక్క అచ్చు ఎక్కడ కలవాలో చెప్పేది అదే. ఫొటోలో ఆ గుర్తు పడదు, లోతు తెలియదు, వరస అసలే తెలియదు. ఆ డిజైనుకు గిరాకీ తగ్గి నాలుగు అచ్చుల్లో ఒకటి పోయినా మిగతా మూడు అనాథలే.

స్క్రీన్ ప్రింటు వచ్చినప్పుడు ఒకసారి, డిజిటల్ ప్రింటు వచ్చినప్పుడు ఇంకోసారి అచ్చుల మీద దెబ్బ పడింది. చెక్కేవాళ్లకు పని తగ్గింది. వాళ్ల పిల్లలు వేరే పనులు చూసుకున్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

భౌగోళిక గుర్తింపు ఉందిగా అంటే...

*కొండపల్లి బొమ్మలు, మచిలీపట్నం కలంకారీ, శ్రీకాళహస్తి కలంకారీ, ఏటికొప్పాక లక్కబొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 1999 నాటి చట్టం ప్రకారం దరఖాస్తులో ఆ వస్తువు ఆ ప్రాంతానిదేనని చరిత్రతో సహా చూపాలి. పాత నమూనా, తేదీ ఉన్న కాగితం, చేసినవాళ్ల పేరు ఉంటే ఆ వాదన గట్టిగా నిలబడుతుంది. అయితే గుర్తింపు కాపాడేది పేరును. పని ఎలా చేయాలో అది గుర్తుపెట్టుకోదు.*

కొండపల్లిలో సగం బొమ్మ

కొండపల్లి బొమ్మల కాలనీలో అమ్మకానికి పెట్టిన బొమ్మలు చూసి వచ్చేస్తాం. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి. అరుగు మీద పనిచేసేవాళ్ల పక్కన ఇంకా రంగు పడని బొమ్మలుంటాయి. నా దృష్టిలో అసలు పాఠం అక్కడుంది. తెల్ల పొణికి కర్ర చేతిలోకి తీసుకుంటే బరువే అనిపించదు. తేమ పోయేలా సన్నసెగ మీద కాస్తారు. మొండెం ఒకటి, చేతులు వేరు, తల వేరు, కొమ్ములు వేరు చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ముక్కు, చెవి, నగలు ఆ మక్కుతోనే దిద్దుతారు. ఆరాక ఆకురాయితో నున్నగా రుద్ది సున్నం పూస్తారు. ఆ పైన రంగులు.

రంగు పడ్డాక అతుకు కనిపించదు. కాబట్టి ఏ చెయ్యి ఎక్కడ అతికిందో, మక్కు ఎంత మందాన పెట్టారో సగం బొమ్మే చెప్పాలి. ప్రతి మెట్టు దగ్గర ఒక బొమ్మను ఆపి, అలా ఏడెనిమిది బొమ్మలు వరసగా బీరువాలో పెడితే చాలు. బోల్యూ గుడ్డముక్కలతో చేసింది మనం బొమ్మలతో చేసుకోవచ్చు, ఈసారి మన పిల్లల కోసం.

కొండపల్లి బొమ్మ చిత్రకళా పాఠశాలకు కొత్త కాదు. మద్రాసులో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి దగ్గర చదువుకున్న కె. శ్రీనివాసులు, లేపాక్షి కుడ్యచిత్రాలతో, తోలుబొమ్మలతో పాటు కొండపల్లి బొమ్మల నుంచి కూడా తన శైలిని తెచ్చుకున్నారు. పెద్ద కళ్లు, గట్టి గీత, నిండైన రంగు. ఆయన చిత్రంలో పల్లెటూరి ఆడవాళ్లను చూస్తే ఆ చుట్టరికం తెలిసిపోతుంది. బొమ్మల అరుగు నుంచి గ్యాలరీ గోడ దాకా వచ్చిన దారి అది. ఆ దారిలో బొమ్మకు దక్కాల్సిన బీరువా మాత్రం వెనకే ఉండిపోయింది.

ఇప్పుడు చేతిలో ఉన్న పని

కొత్తగా మహా భవనాలు కట్టాలని అడగడం లేదు. 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ జాతీయ డిజైన్ సంస్థ మన రాష్ట్రంలోనే ఉంది. ఇలాంటి సంస్థల విద్యార్థులు చేతిపనుల ఊళ్లకు వెళ్లి నమోదు చేయడం చదువులో భాగం. ఆ నివేదికలతో పాటు ప్రతి మెట్టు నమూనా కూడా కొని తేవాలని, వాటి నకలు ఒకటి ఆ ఊరి బడికే ఇవ్వాలని నియమం పెట్టుకుంటే పదేళ్లలో ఎంత పోగవుతుందో ఆలోచించండి. కొనడం అని ఎందుకంటున్నానంటే, పనివాడు సగంలో ఆపిన బొమ్మకూ పూర్తి బొమ్మకిచ్చే కూలి ఇవ్వాలి. ఉచితంగా అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఏటికొప్పాకలో సి.వి. రాజు సహజ రంగులను తిరిగి లక్కబొమ్మల పనిలోకి తెచ్చి 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఆకు, గింజ, బెరడు ఏది ఎంత ఉడికితే ఏ ఛాయ వస్తుందో ప్రయోగాలు చేసి తేల్చారు. అలాంటి ప్రయోగాల్లో విఫలమైన ఛాయలు కూడా దాచదగ్గవే. ఏది నిలవలేదో తెలిస్తే తర్వాతివాడికి ఏళ్ల శ్రమ తప్పుతుంది.

ప్రభుత్వ డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలకు తిరువూరు లాంటి ఊళ్ల నుంచి కూడా పిల్లలు కూర్చుంటారు. డిజైను పేపరుకు గైడు చూసి తీగ గీస్తారు, పువ్వు గీస్తారు. ఆ పిల్లల చేతికి ఒక అసలు అచ్చు ఇచ్చి, తడిమి చూడమని, ఆ తర్వాత గీయమని చెబితే వాళ్ల గీత మారుతుంది. దానికి కావలసింది జిల్లా పరిషత్ హైస్కూల్లో తాళం వేసే బీరువా ఒకటి, శ్రద్ధ ఉన్న డ్రాయింగు మాస్టారు ఒకరు.

మీ ఇంట్లో ఉంటే

*పాత అద్దకం అచ్చు, కొండపల్లి బొమ్మ, అమ్మమ్మ నాటి కలంకారీ దుప్పటి, కంచరి కొట్టిన పాత్ర మీ ఇంట్లో ఉందా? ముందు దాన్ని మెరిపించాలన్న ఆలోచన మానుకోండి. అచ్చును నీళ్లలో నానబెట్టొద్దు, వార్నిష్ పూయొద్దు. మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. సందుల్లో మిగిలిన పాత రంగును గీకొద్దు, అది ఏ రంగు అచ్చో చెప్పేది అదే. బొమ్మకు కొత్త రంగు వేయించొద్దు. గుడ్డను మడతలు పెడితే మడత దగ్గరే చిరుగుతుంది కాబట్టి, ఉతికిన పాత తెల్ల నూలుగుడ్డతో కలిపి గొట్టానికి చుట్టి, ఎండ తగలని చోట పెట్టండి. ప్లాస్టిక్ కవరులో తేమ చిక్కుకుంటుంది, వాడొద్దు. స్టిక్కరు అతికించకుండా, నూలు దారంతో చిన్న చీటీ కట్టి పెన్సిలుతో రాయండి: చేసినవారి పేరు, ఊరు, ఎవరి ద్వారా వచ్చింది, సుమారు ఏ సంవత్సరం. పక్కన స్కేలు పెట్టి ముందు, వెనక, పక్క వైపుల ఫొటోలు తీయండి. అచ్చుకైతే పక్క నుంచి వెలుతురు పడేలా ఇంకోటి తీయండి, అప్పుడే లోతు కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు దాని కథ తెలిస్తే ఈ ఆదివారమే కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేయండి.*